భావనపాడు వరసలో మూడో లింకు

లింకు నొక్కగానే కంప్యూటర్ తెర మీద ఒక లావుపాటి అధికారి వచ్చాడు. చేతిలో కత్తెర, ముందు ఎర్ర రిబ్బను, వెనక గోనెల్లో వంకాయలు. ఎక్సెల్ షీట్లో ఆ వరసలో రాసి ఉన్నది మాత్రం ఇది: ‘భావనపాడు – వేట మొదలు – బోటు దించడం’.

నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న పోలమ్మ ముందుకు వంగి చూసింది.

“ఈ బాబెవులు?”

ఆమె వెనక నిలబడ్డ ఎర్రయ్య ఆమె భర్తకు అన్న. తెరను కాసేపు పరీక్షగా చూశాడు.

“మా తమ్ముడైతే కాడు. ఆడికి ఇంత కడుపు నేదు.”

“నువ్వుండు బావా. మరొకసారి నొక్కు బాబూ, సెయ్యి జారినాదేమో.”

మళ్లీ నొక్కాను. మళ్లీ అదే అధికారి. ఆ వరసలో చివర మూడు గడులు ఉన్నాయి. మొదటిది ఫొటో లింకు, రెండోది వీడియో, మూడోది ఆడియో. రెండోది నొక్కితే ఫైలు దొరకలేదని వచ్చింది. మూడోది నొక్కితే ఏదో ప్రారంభోత్సవంలో పిల్లలు స్వాగతం పాట అందుకున్నారు. పోలమ్మ ఆ పాటను చివరిదాకా వినబోయింది. మధ్యలో తనకు కావలసిన గొంతు వస్తుందేమోనని ఆమె ఆశ. నేనే ఆపేశాను.

ఆమె వచ్చింది ఒక గొంతు కోసం. భర్తది కాదు, ఒక ముసలాయనది. అదేమిటో చెప్పాలంటే ఆ రోజు సముద్రం ఒడ్డున ఏం జరిగిందో చెప్పాలి. అంతకంటే ముందు ఈ షీటు సంగతి చెప్పాలి. పత్రికల్లోకి కొత్తగా వచ్చేవాళ్లు వార్త రాయడం ఎలాగో నేర్చుకుంటారు. రాసినదాన్ని, తీసినదాన్ని ఎక్కడ పెట్టాలో, పెట్టినదాన్ని మళ్లీ ఎలా తీయాలో ఎవరూ నేర్పరు. నా ఉద్యోగంలో చివరి భాగమంతా ఆ పనే.

కవర్ల కాలం

నేను చీపురుపల్లిలో విలేకరిగా మొదలుపెట్టినప్పుడు ఫొటో అంటే కాగితం. రైల్వే స్టేషన్ దగ్గర స్టూడియోలో కడిగించి, వెనక పెన్సిలుతో ఊరు, సందర్భం రాసి, కవర్లో పెట్టి పాసింజర్ బండికి ఇచ్చేవాళ్లం. ఆ కవరే మా లింకు. వార్త కాగితం, ఫొటో, ప్రెస్‌నోటు మూడూ ఒకే కవర్లో ఉండేవి. అచ్చయ్యాక ఆ కవరు అలాగే బీరువాలోకి వెళ్లేది. ఎలకలు కొట్టేవి, తడిసేవి. కానీ ఒక కవరులోది ఇంకో కవరులోకి దానంతట అది వెళ్లేది కాదు.

కంప్యూటర్లు వచ్చాక కవరు పోయింది. ఫొటోలు ఒక ఫోల్డరులో, వీడియోలు ఒక ఫోల్డరులో, ఆడియోలు మరోదాంట్లో, అచ్చుకు కట్టిన పేజీలు ఇంకోదాంట్లో పెట్టడం మొదలైంది. రకాన్నిబట్టి సర్దడం చూడటానికి శుభ్రంగా ఉంటుంది. వంటింట్లో గరిటెలన్నీ ఒకచోట, మూతలన్నీ ఒకచోట పెట్టినట్టు. ఏ మూత ఏ గిన్నెదో మాత్రం ఎవరో ఒకరు గుర్తుంచుకోవాలి. ఆ గుర్తు కోసమే షీటు. తేదీల క్రమంలో ఒక్కో సంఘటనకు ఒక్కో వరస. తేదీ, ఊరు, సందర్భం, పంపినవారి పేరు. కుడివైపు చివర మూడు గడుల్లో మూడు లింకులు. కట్టిన పేజీని తేదీని బట్టి వెతుక్కోవచ్చని దానికి లింకు పెట్టలేదు.

అది పొరపాటని తర్వాత తెలిసింది. పాత పేజీలు కట్టిన ఫాంట్లు ఇప్పటి కంప్యూటర్లకు అర్థం కావు. తెరిస్తే తెలుగు బదులు చుక్కలు, గీతలు, ఎక్కడో ఒక ఇంగ్లీషు అక్షరం కనిపిస్తాయి. అందులో ‘కళింగపట్నం’ అని వెతికితే ఈ జన్మకు దొరకదు. పేజీ బొమ్మగా దాచుకున్న రోజులవి కళ్లతో చదువుకోవచ్చు. దాచుకోని రోజులవి పోయినట్టే.

బతికున్న సర్పంచి

ఫైలుకు పేరు పెట్టడం చిన్న పని అనుకుంటారు. చీపురుపల్లి దగ్గర ఒక ఊరి మాజీ సర్పంచి అప్పలనాయుడు మాకు ఆ విషయం నేర్పాడు.

అదే మండలంలో అదే పేరున్న రైతు నాయకుడొకాయన చనిపోయాడు. డెస్కులో వాళ్లు షీట్లో పేరు కొట్టారు. ఒక వరస వచ్చింది. లింకు నొక్కారు. తలపాగా, మీసాలు, హుందాగా ఉన్నాడు. వేసేశారు. మర్నాడు ఉదయం ఆ తలపాగా, ఆ మీసాలు మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాయి. చేతిలో మా పేపరు ఉంది.

“ఇక్కడ పెద్దోడెవుడు?” అన్నాడు.

నన్ను చూపించారు.

“నాను సచ్చిపోయినానంట. నాకు తెలకుండా ఎలగ సచ్చిపోయినాను బాబూ? సెప్పు.”

క్షమించమన్నాను. సవరణ వేస్తామన్నాను.

“సవరణేటి! పొద్దుట్నుంచి ఇంటికాడ జనం. మా ఆడది పొయ్యి కూడా ముట్టించనేదు. ఏడిసీవోళ్లు ఏడుస్తన్నారు. నాను అరుగు మీద కూకుని వొచ్చినోళ్లందరికీ నానే అంటన్నాను, ‘నానున్నానురా’ అని. మా వియ్యంకుడైతే నన్ను సూసి కూడా ఓదార్పు మాటలు సెప్పీసి ఎల్లిపోనాడు.”

టీ తెప్పించాం. తాగాడు. వెళ్లేటప్పుడు మెట్ల దగ్గర ఆగాడు.

“ఫొటో మట్టుకు బాగున్నాది. రేపు నిజంగా పోయినపుడు ఇదే ఎయ్యండి.”

మనిషి పేరు ఒక్కటే పెట్టి దాచిన ఫొటో ఇలాంటిదే చేస్తుంది. మన జిల్లాల్లో ఒక మండలంలో ఎందరు అప్పలనాయుళ్లు, ఎందరు సూర్యనారాయణలు ఉంటారో ఇక్కడి వాళ్లకు చెప్పనక్కర్లేదు. అప్పటినుంచి ఫైలు పేరులో ఊరు, తేదీ, సందర్భం ఉండాలని నియమం పెట్టుకున్నాం. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోకు ఉండే అంకెల పేరు అలాగే ఉంచి దాస్తే దాచనట్టే లెక్క అని కూడా. నియమం ఉండేది. పాటించడం మనిషిని బట్టి ఉండేది.

మూర్తిగారి ఏ-ఫోర్ కాగితం

జిల్లాలు విడగొట్టినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వెళ్లింది. పాలకొండ కొత్త జిల్లాలోకి వెళ్లింది. ఆ రోజుల్లో కలెక్టరాఫీసుల్లో ఫైళ్లు లారీల్లో తరలిస్తుంటే మేం వార్తలు రాశాం. మా ఆఫీసులో అదే పని మేమే చేస్తున్నామని అప్పుడు అనుకోలేదు.

మా ఎడిషన్ ఇన్‌ఛార్జి మూర్తిగారు గోదావరి వైపు నుంచి బదిలీ మీద వచ్చారు. మంచి సంపాదకుడు. శీర్షిక పెట్టడంలో ఆయనకు సాటి ఎవరూ లేరు. ఒక్క బలహీనత ఉండేది. తెర మీద ఉన్నదేదీ ఆయనకు ఉన్నట్టు కాదు. కాగితం మీదికి రావాలి, అదీ ఏ-ఫోర్ వెడల్పులో పట్టాలి.

“ఏవండీ, చేత్తో పట్టుకోలేనిది రికార్డు ఎలా అవుతుందండీ?” అనేవారు.

షీటు వెడల్పు కాగితానికి పట్టకపోతే కుడివైపు మూడు లింకు గడులనూ కనబడకుండా దాచేయించారు. ప్రింటు మీద నొక్కేదేముందని ఆయన వాదన. నిజమే కదా అనుకున్నాం.

తర్వాత, కొత్త జిల్లాకు ఇంకా షీటు లేదు కాబట్టి పాలకొండ వరసలను ఉన్నచోటే ఉంచి, రాజాం వార్తలన్నీ విజయనగరం షీటులోకి మార్చమన్నారు. ఆపరేటరు ఆ ఊరి వరసలు ఒక్కొక్కటే పట్టుకుని కత్తిరించి అటు అతికించాడు. ఇక్కడ ఏర్పడిన ఖాళీల్లోకి కింది వరసలను పైకి జరిపాడు. తనకు కనిపించిన గడులు జరిగాయి. దాచిన మూడు గడులూ కనిపించలేదు కాబట్టి అవి ఉన్నచోటే ఉన్నాయి. ఒక రాజాం వరస తీసినప్పుడల్లా దాని కిందున్న ఊళ్లన్నీ ఒక మెట్టు పైకి వెళ్లాయి. లింకులు మాత్రం కదల్లేదు.

షీటు చూడటానికి ఎంతో చక్కగా ఉంది. ఎక్కడా ఖాళీ లేదు, ఎర్ర గుర్తు లేదు. మూర్తిగారు ప్రింటు తీయించి బైండింగు చేయించారు. కొత్త జిల్లాలకు కొత్త షీట్లు మొదలయ్యాయి. తర్వాత ఎవరో దాచిన గడులను బయటికి తెచ్చారు. పాత షీటును మాత్రం వరసవారీగా సరిచూసే అవసరం ఎవరికీ పడలేదు, పోలమ్మ వచ్చేవరకు.

ఇది ఆపరేటరు తప్పని ఆఫీసులో అన్నారు. నేను ఒప్పుకోను. జిల్లా సరిహద్దు మారితే పాత వార్త కూడా జిల్లా మారాలనుకోవడంలోనే తప్పుంది. రాజాంలో అప్పుడు జరిగింది అప్పటి శ్రీకాకుళం జిల్లాలోనే జరిగింది. దాన్ని ఉన్నచోట ఉంచి, పక్కన ‘ఇప్పుడు విజయనగరం’ అని ఒక మాట రాసుకుంటే సరిపోయేది.

ఒడ్డున అడగని మాట

ఇప్పుడు భావనపాడు. వేట నిషేధం ముగిసిన ఉదయం టెక్కలి వైపు నుంచి మాకు వార్తలు పంపే కంట్రిబ్యూటర్ గోవింద అక్కడికి వెళ్లాడు. ఏటా వేసే వార్తే. గంగమ్మకు కొబ్బరికాయలు, పసుపు గుడ్డలు, రెండు నెలల తర్వాత నీళ్లలోకి దిగే బోట్లు. ఊరంతా ఒడ్డునే ఉంటుంది. బోటును కెరటాల్లోకి దించడానికి ఎవరి భుజం ఖాళీగా ఉంటే వాళ్లు ఆనిస్తారు. బావలు, బావమరుదులు, పక్క బోటు వాళ్లు, ఎవరైనా. తోసినవాళ్లందరూ వేటకు వెళ్లరు.

వెళ్లేదెవరో అడగకూడదు. కెరటాలు దాటేవరకు ‘ఎక్కడికి’ అనిగానీ, ‘ఎందరు’ అనిగానీ, ‘ఎవరెవరు’ అనిగానీ ఎవరూ అనరు. వెనకనుంచి పిలవరు. వెళ్లేవాడు కూడా ‘ఎల్తన్నాను’ అనడు, ‘వొచ్చేస్తాను’ అంటాడు. గోవింద ఆ తీరంలో పుట్టినవాడే. ఆ సంగతి తెలుసు కాబట్టి ఫొటో కింద రాయడానికి పేర్లు అడగలేదు. బోటు యజమాని పేరు ఒక్కటి రాసి పంపాడు. వేరే ఊరివాడైతే అడిగి తిట్లు తిని అయినా పేర్లు రాసుకునేవాడేమో.

ఆ బోట్లలో ఒకటి, గోవింద ఫొటో తీసినదే, తిరిగి రాలేదు. గాలి మారింది. తర్వాత రోజుల్లో కళింగపట్నం వైపు, ఇంకా కిందికి, శరీరాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. బోటు యజమాని ఇద్దరు కొడుకులు, ఒక అల్లుడు. యజమాని ముసలాయన ఒడ్డునే ఉండిపోయాడు, ఆయన వేట మానేసి చాలాకాలమైంది.

పోలమ్మ భర్త సింహాచలం ఆ బోటు మనిషి కాదు. రోజూ ఎక్కే కుర్రాడికి జ్వరమొస్తే అతని బదులు ఎక్కాడని ఒక మాట ఉంది. ఎక్కలేదని ఇంకో మాట. ముందురోజు ఇంట్లో గొడవపడి పారాదీప్ పోతానన్నాడు. నెలల తర్వాత ఎవరో పారాదీప్ హార్బరులో చూశామన్నారు. శరీరం దొరకలేదు. గట్టిగా చెప్పగలిగినవాళ్లు లేరు కాబట్టి చనిపోయినవాళ్ల జాబితాలో పేరు ఎక్కలేదు. తెలిసినవాడు ముసలాయన ఒక్కడే. కానీ కొడుకులు పోయాక ఆయన మతి నిలవలేదు. ఒకరోజు ఎక్కాడనేవాడు, ఒకరోజు ఎక్కలేదనేవాడు. ఈమధ్యే పోయాడు.

ఆయన దినాలప్పుడు గోవింద పరామర్శకు వెళ్లి, పోలమ్మ సంగతి అక్కడే మొదటిసారి విని, మాటల్లో మాటగా ఆమెతో ఒక విషయం అన్నాడు. ఆ ఉదయం బోట్లు కెరటాలు దాటాక, ఇక అడగొచ్చు కాబట్టి, ముసలాయన్ని కూర్చోబెట్టి మాట్లాడించాడట. ఏ బోట్లో ఎవరెవరు వెళ్లారో ఆయన పేరుపేరునా చెప్పాడట. ఫోన్లో రికార్డు చేసి అక్కడినుంచే ఆఫీసుకు పంపాడు. జాగా లేక పేపర్లో రాలేదనుకున్నాడు. “పేర్లు నాకు గురుతు నేవు గానీ రికార్డుంటాది. ఆపీసులో ఏదీ పారెయ్యరు,” అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఆమె వచ్చింది. మతి చెడకముందు, కొడుకులు పోకముందు ఆయన చెప్పిన మాట అది. అందులో సింహాచలం పేరుందా లేదా, ఆమెకు కావలసింది అంతే.

“బొట్టు ఎట్టుకోవాలా, తీసీయాలా,” అంది. “ఎట్టుకుంటే అత్త సూడనేదు. తీసేస్తే ఈ బావ ఊరుకోడు. ఇన్నేళ్లయినాది. ఏదో ఒకటి తెలిస్తే సాలు బాబూ.”

“తీసీడానికి ఆడేం సచ్చిపోనాడేటి?” అన్నాడు ఎర్రయ్య. “పారాదీప్‌లో సూసినోళ్లున్నారు.”

“సూసినోడెవుడో నువ్వు సూసినావా?”

ఎర్రయ్యకు తమ్ముడు బతికుండాలి. ఆమెకు సంగతి తేలాలి. ఇద్దరూ ఒకే బస్సులో పక్కపక్కన కూర్చుని వచ్చారు.

రాజాం లెక్క

వంకాయల ముందు రిబ్బను కత్తిరిస్తున్న అధికారి దగ్గరికి మళ్లీ వస్తాను. మా ఆఫీసులో కంప్యూటర్లు చూసే శైలజను పిలిచాను. ఆమెది విజయనగరం. జిల్లాలు విడిపోయాక చేరింది కాబట్టి పాత షీటు గొడవ ఆమెకు తెలియదు. ఫొటోను పెద్దది చేసి చూసింది. అధికారి తల వెనక ఒక దుకాణం బోర్డు మీద ఊరి పేరుంది.

“సార్, ఇది రాజాం. ఈ షీట్లో రాజాం వరసలు ఉన్నాయా?”

వెతికింది. ఒక్కటీ లేదు.

“ఊరే లేని షీట్లో ఊరి ఫొటో ఎలా ఉంది?”

అక్కడే దారి దొరికింది. ఆమె షీటు మొదటికి వెళ్లి నాలుగైదు లింకులు నొక్కింది. సరిగ్గా తెరుచుకున్నాయి. కొంచెం కిందికి వెళ్తే పై వరసలోని ఊరి ఫొటో. ఇంకా కిందికి వెళ్తే తేడా ఇంకా పెరిగింది.

“లింకుల తప్పు కాదు సార్. ఊళ్లు పైకి జారిపోయాయి. లింకులు ఉన్నకాడే ఉన్నాయి.”

మూర్తిగారు తన గదిలోంచి వచ్చి వెనక నిలబడి ఉన్నారు. సంగతి ఆయనకు అర్థమైంది. లోపలికి వెళ్లి బైండింగు చేయించిన ప్రింటు తెచ్చి బల్ల మీద పెట్టారు. అందులో లింకులు లేవు. ఆయనే చూసి, మళ్లీ తీసుకెళ్లిపోయారు.

విజయనగరం షీటులో మాత్రం రాజాం వరసలు తేదీలతో సహా ఉన్నాయి. అదే మా అదృష్టం. వేట మొదలైన తేదీకి ముందున్న రాజాం వరసలెన్నో లెక్కపెట్టాలి. భావనపాడు వరస నుంచి అన్ని గడులు కిందికి దిగాలి. అక్కడున్నవే భావనపాడు లింకులు. శైలజ లెక్కపెట్టింది, నేను విడిగా లెక్కపెట్టాను. ఒకటే వచ్చింది.

కొత్తవాళ్లు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ప్రతి వరసకూ ఒక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్యను ఫైలు పేరులో కూడా పెట్టి ఉంటే ఈ దిగడాలు, ఎక్కడాలు ఉండేవి కావు. షీటు మొత్తం తలకిందులైనా ఏది దేనిదో ఫైలే చెప్పేది. లింకు అనేది దారి మాత్రమే. ఇంటికి పేరుంటే దారి మూసుకుపోయినా ఇల్లు దొరుకుతుంది.

మూడు ఫైళ్లు

ఫొటో ముందు తెరుచుకుంది. బోటు ముక్కు మీద పసుపు గుడ్డ, లోపల వల కుప్ప, దాని పక్కన సద్దన్నం క్యాన్లు. పోలమ్మ వేలు పెట్టి చూపించింది.

“ఆ పచ్చది మాదిలాగున్నాది.”

“టెక్కలి సంతలో ఊరందరం అయ్యే కొన్నాం కదే,” అన్నాడు ఎర్రయ్య.

పెద్దది చేస్తే క్యాను కాస్తా పచ్చటి మరక అయిపోయింది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో కుదించుకుపోయి వస్తుంది. అసలుది కావాలని అడగాలి. అప్పట్లో అడిగేవాళ్లం కాదు. గోవింద ఫొటోలను పంపిన వెంటనే ఫోన్లోంచి తుడిచేసేవాడు, రేపటి ఫొటోలకు జాగా కావాలి కాబట్టి.

వీడియో లింకుకు దారి తప్పు. బరువెక్కువని వీడియోలన్నీ ఎప్పుడో ఒక బయటి డిస్కులోకి మార్చారు. లింకు మాత్రం పాత చిరునామానే పట్టుకుని ఉంది. డిస్కు బీరువాలో దొరికింది. శైలజ ఫైలు పేరుతో వెతికి తెరిచింది.

చిన్న వీడియో. కెరటం వెనక్కి తగ్గగానే అందరూ ఒక్కసారిగా భుజాలు ఆనించారు. కుడివైపు చివర, తలకు గళ్ల తువ్వాలు కట్టుకున్న మనిషి ఒంగి తోస్తున్నాడు.

“అదిగో,” అంది పోలమ్మ. గొంతు పెంచలేదు. “ఆ ముడి అలగే ఏస్తాడు.”

“ఆడే,” అన్నాడు ఎర్రయ్య.

బోటు నీళ్లలోకి జారింది. సరిగ్గా అప్పుడు గోవింద ఫోనును కొబ్బరికాయ కొడుతున్న ముసలాయన వైపు తిప్పాడు. వార్తకు అదే మంచి దృశ్యం. కాయ పగిలింది, జనం అరిచారు. ఫోను మళ్లీ సముద్రం వైపు తిరిగేసరికి బోటు కెరటాల మీద ఉంది. అందులో తలలు నల్లటి చుక్కలు. గళ్ల తువ్వాలు ఒడ్డునా కనిపించలేదు, బోటులోనూ తెలియడం లేదు.

“సూసినావా?” అన్నాడు ఎర్రయ్య. “తోసీసి పక్కకొచ్చీసుంటాడు.”

“తోసీవోళ్లందరూ ఎక్కరు, నాకూ తెలుసు. పక్కకొచ్చినోడు ఇంటికి రాడేటి బావా? అన్నం కాడికి రాడేటి?”

“కోపంలో ఉన్నాడు కదా.”

“కోపమొచ్చినోడు బోటు తోస్తాడేటి పొద్దున్నే?”

ఎర్రయ్య కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. పోలమ్మ నా వైపు తిరిగింది.

“అది ఒగ్గీ బాబూ. మూడోది పెట్టు.”

మూడో గడి దగ్గరికి శైలజే వెళ్లింది. లింకు సరైనదే. ఫైలు పేరు సరైనదే. భావనపాడు, తేదీ, ‘ముసలాయన మాట’. గోవింద మా నియమం పాటించి పేరు పెట్టిన కొద్ది ఫైళ్లలో అదొకటి. నొక్కింది. ఆడియో ఆడే కిటికీ తెరుచుకుంది. గీత కదల్లేదు. మళ్లీ నొక్కింది. పాత ఫోన్ల రికార్డింగులు కొన్ని ఇప్పటి కంప్యూటర్లలో ఆడవు, వేరే రకంలోకి మార్చాలి. మార్చి చూసింది. ఏమీ లేదు. చివరికి ఫైలు పరిమాణం చూసింది. సున్నా.

అప్పట్లో ఆ ఒడ్డున సిగ్నలు అంతంతమాత్రం. పంపడం మొదలైనప్పుడు మా కంప్యూటరులో పేరు పడింది. మధ్యలో తెగిపోయింది. పేరు మిగిలింది, లోపలికి ఏమీ రాలేదు. అది తెలియక ఇక్కడ ఎవరో వరస రాసి లింకు పెట్టారు. షీట్లో చూస్తే ఏ లోపమూ లేదు. మూడు గడులూ నీలం రంగులో, కింద గీతతో, నిండుగా ఉన్నాయి. లింకు పెట్టాక ఒకసారి తెరిచి చూడటం, విని చూడటం ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమని నేను కొత్తవాళ్లకు చెప్పేది అందుకే. షీటు ఉన్నదానికీ లేనిదానికీ ఒకే రంగు వేస్తుంది.

నేనే చెప్పాను, ఇందులో మాట లేదమ్మా అని.

“మాట నేదా, ఇనిపించట్లేదా?” అంది.

లేదని చెప్పాను.

“పేరు రాసుంది కదా మరి.”

మూర్తిగారు కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నారు. ఫైలు ఎలా వస్తుందో, ఎలా తెగిపోతుందో ఎంతో ఓపికగా చెప్పారు. ఆమె విన్నది. చివర్లో, “అయితే గోవిందబాబు పాత ఫోన్లో ఉంటాదేటి?” అని అడిగింది. ఆ ప్రశ్న మా ముగ్గురిలో ఎవరికీ అప్పటిదాకా రాలేదు.

గోవిందకు ఫోను చేశాం. పాత ఫోను కొత్తది కొన్నప్పుడు దుకాణంలో ఇచ్చేశాడు. రికార్డింగులు మాత్రం పడేది మెమరీ కార్డులో, వాటిని తుడిచేవాడు కాదు. అది తీసి ఉంచుకున్నాడు. “ఎక్కడో ఉన్నాది సార్. ఇల్లు మారినాం కదా, సామాన్లలో సూడాలి,” అన్నాడు.

వీడియోను శైలజ ఎర్రయ్య ఫోనులోకి పంపింది. ఇద్దరూ టెక్కలి బస్సుకు వెళ్లిపోయారు.

ఇప్పటి సంగతి

ఆ తర్వాత కొన్ని నెలలకు నేను పదవీ విరమణ చేశాను. పాత షీటును శైలజ మొత్తం సరిచేసింది. రాజాం వరసలు మళ్లీ తమ చోటికి వచ్చాయి, పక్కన కొత్త జిల్లా పేరుతో. ప్రతి వరసకూ సంఖ్య ఉంది. ప్రతి లింకు పక్కనా ఫైలు పరిమాణం చూపే గడి కొత్తగా చేరింది. అది కూడా ఏ-ఫోర్‌లో పట్టడం లేదు. మూర్తిగారు ఈసారి దేన్నీ దాచమనలేదు.

గోవింద దగ్గర ఇప్పటివరకు నాలుగు కార్డులు బయటపడ్డాయి. ఒకదాంట్లో పెళ్లి పాటలు, రెండింట్లో ఎన్నికల సభలు. నాలుగోదాన్ని ఏ ఫోనూ, ఏ కంప్యూటరూ చదవడం లేదు. అది ఆ ఏడాదిదో కాదో కూడా తెలియదు. విశాఖపట్నంలో బాగుచేసేవాళ్ల దగ్గర ఇచ్చాడు.

పోలమ్మ అప్పుడప్పుడు ఆఫీసుకు ఫోను చేస్తుంది. “మూడోది పలికిందా అమ్మా?” అని శైలజను అడుగుతుంది. ఇంకా లేదని శైలజ చెబుతుంది. పోయినసారి టెక్కలిలో కనిపించినప్పుడు ఆమె నుదుట బొట్టు ఉంది. ఆ వరసలో మూడో లింకు పక్కన, పరిమాణం గడిలో, సున్నా ఉంది.